చేనేత జంపఖానా, ఉన్ని తివాచీ: ఇంట్లో శుభ్రం చేసుకునే పద్ధతి మొదటి నుంచి చివరి దాకా

చేత్తో నేసిన తివాచీని పాడుచేసేవి ముఖ్యంగా రెండు. ఒకటి అడుగున పేరుకుపోయిన ఇసుక, రెండోది ఉతికాక లోపల ఉండిపోయిన తడి. పైన కనిపించే మరక చూసి పడే టెన్షన్‌లో సగం ఈ రెండింటి మీద పెట్టినా మీ ఇంట్లో ఉన్న వరంగల్ జంపఖానా పిల్లల తరం దాకా వస్తుంది. అందుకే నేను ఎవరికి చెప్పినా ముందు ఈ మాటే చెబుతాను: బాగా దులపండి, తడపాల్సి వస్తే మాత్రం ఆ రోజు పొద్దుగూకేలోపు పూర్తిగా ఆరుతుందన్న నమ్మకం ఉంటేనే తడపండి. కింద చెప్పేదంతా ఈ సూత్రం మీదే నడుస్తుంది.

ముందు తిరగేసి చూడండి

అన్నిటికీ ఒకే పద్ధతి పనికిరాదు, కాబట్టి మీ దగ్గరున్నది ఏ రకమో తెలుసుకోకుండా బకెట్ ముట్టుకోవద్దు. ఒక మూల పట్టుకుని తిరగేయండి. రెండు వైపులా దాదాపు ఒకేలా ఉండి, పైన నూగు (మెత్తగా పైకి లేచి ఉండే పోగులు) లేకుండా చదునుగా ఉంటే అది జంపఖానా, అంటే దుర్రీ. వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద నేసేవి ఇవే, ఎక్కువగా నూలువి. 2018లో వరంగల్ దుర్రీలకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. వీటిలో రంగు నూలుతో నేసినవి వేరు, నేసిన తర్వాత కలంకారీ అచ్చులు వేసినవి వేరు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ఉతికేటప్పుడు పనికొస్తుంది.

పైన మెత్తటి నూగు ఉండి, వెనక్కి తిప్పితే అదే డిజైన్ చిన్న చిన్న ముడులుగా కనిపిస్తే అది ముడులు వేసి నేసిన తివాచీ. ఏలూరు తివాచీలు ఈ కోవలోవే, ఉన్నితో చేసినవి. కాశ్మీర్ నుంచి, ఉత్తరప్రదేశ్‌లోని భదోహి నుంచి వచ్చే ఖరీదైనవాటిలో చాలా వరకు కూడా ముడులు వేసినవే. మన నేతగాళ్ళ పనితనం గురించి తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి, 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో ఓరుగల్లు తివాచీలు కూడా ఉన్నాయి. అలాంటి సంప్రదాయంలోంచి వచ్చిన వస్తువుని బాత్రూమ్ బ్రష్ పెట్టి రుద్దకూడదు కదా.

మూడో రకం ఒకటుంది, చాలామంది దీని దగ్గరే మోసపోతారు. వెనక ముడులకి బదులు ఒక గుడ్డ అంటించి ఉంటుంది. అది టఫ్టెడ్ రగ్గు. చేత్తో చేసినదే అయినా నూగుని లోపల పట్టి ఉంచేది నేత కాదు, రబ్బరు జిగురు. దీన్ని నీళ్ళలో నానబెడితే జిగురు వదిలేసి గుడ్డ ఉబ్బుతుంది, ఓ రకమైన వాసన కూడా మొదలై ఎన్నాళ్ళైనా పోదు. దీనికి దులపడం, పైపైన తడిగుడ్డతో తుడవడం తప్ప ఇంకేం చేయొద్దు.

దారం నూలో ఉన్నో తేలకపోతే కుచ్చుల నుంచి కాకుండా డిజైన్ ఉన్న భాగం నుంచి ఒక్క నూగు పోగు తీసి, సింకు దగ్గర పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడండి. జుట్టు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి అయిపోతే ఉన్ని లేదా పట్టు. కాగితం కాలిన వాసన వస్తే నూలు, జనపనార, విస్కోస్‌లలో ఏదో ఒకటి. కరిగి గట్టి పూసలాగా అయితే సింథటిక్. ఇక్కడ విస్కోస్ (చెక్క గుజ్జు నుంచి తీసే కృత్రిమ పోగు) గురించి జాగ్రత్త. "బ్యాంబూ సిల్క్", "ఆర్ట్ సిల్క్" అని తళతళ మెరుస్తూ అమ్మేవి చాలా వరకు ఇదే, తడిస్తే దీని బలం బాగా తగ్గిపోతుంది, ఆరాక పసుపు పచ్చగా గట్టిపడుతుంది. జనపనారది కూడా తడిస్తే గోధుమ రంగు మచ్చలు పడుతుంది. ఈ రెండింటినీ ఇంట్లో ఉతకొద్దు.

వారం వారం చేయాల్సింది: దుమ్ము తీయడం

ఇది ఎంత చెప్పినా తక్కువే. చెప్పులతో, కాళ్ళతో లోపలికొచ్చే ఇసుక రేణువులు నూగు మధ్యలోంచి జారి పడుగు పేకల (నేతలోని నిలువు, అడ్డం దారాల) దగ్గర కూర్చుంటాయి. పైన నడిచినప్పుడల్లా ఆ రేణువుల అంచులు పోగుల్ని కోస్తూనే ఉంటాయి. గుమ్మం దగ్గరి తివాచీ మధ్యలో మాత్రమే నూగు అరిగిపోయి కనిపించేది ఇందుకే.

జంపఖానా అయితే పని తేలిక. ఇద్దరు చెరో వైపు అంచు పట్టుకుని బయట దులపండి, తర్వాత దండెం మీద వేసి వెనక వైపు నుంచి సన్న కర్రతో మెల్లగా కొట్టండి. కుచ్చులు పట్టుకుని మాత్రం దులపొద్దు. అవి అలంకారానికి కుట్టినవి కావు, నేతలోని పడుగు దారాల చివర్లే, అవి తెగితే అక్కడి నుంచి నేత విడిపోవడం మొదలవుతుంది.

నూగు ఉన్న తివాచీకి ఇంకో పద్ధతి ఉంది, నాకు బాగా నచ్చినది. డాబా గచ్చు శుభ్రంగా ఊడ్చి, తివాచీని బోర్లా పరవండి, నూగు కిందికి. ఇప్పుడు వెనక వైపు అరచేత్తో గానీ చపాతీ కర్రతో గానీ ఓ మూల నుంచి మొదలుపెట్టి వరసగా తడుతూ రండి. గట్టిగా బాదక్కర్లేదు, పిండి జల్లెడ పట్టేటప్పుడు పక్కన తట్టేంత బలం చాలు. మొత్తం అయ్యాక తివాచీ ఎత్తి పక్కన పెట్టి గచ్చు చూడండి. తివాచీ ఎంత మేర ఉందో అంత మేరా సన్నటి బూడిదరంగు ఇసుక పలచగా పరుచుకుని ఉంటుంది, రోజూ వాక్యూమ్ పెట్టే ఇళ్ళలో కూడా. ఊడ్చేసి మళ్ళీ అదే చేయండి. రెండోసారి తక్కువ రాలుతుంది, మూడోసారి ఇంకా తక్కువ. రాలడం ఆగిందంటే తివాచీ సగం శుభ్రమైనట్టే. ఏడాదికి రెండు సార్లు ఇలా చేస్తే చాలు. బాగా పాతబడి పెళుసెక్కిన తివాచీకి మాత్రం తట్టడం వద్దు, వాక్యూమ్ ఒక్కటే.

వాక్యూమ్ గురించి కూడా చెప్పాలి. తిరిగే బ్రష్ ఉన్న హెడ్ వాడకండి, అది నూగుని పీకేస్తుంది, కుచ్చుల్ని చుట్టేసుకుంటుంది. బ్రష్ లేని చదును హెడ్ పెట్టి, నూగు ఏ వైపు వాలి ఉందో (చేత్తో నిమిరితే తెలుస్తుంది, ఒక వైపు నున్నగా, ఇంకో వైపు గరుకుగా తగులుతుంది) ఆ నున్నటి వైపుకే లాగండి. వాక్యూమ్ లేనివాళ్ళు మెత్తటి చీపురు వాడొచ్చు, ఈనెల చీపురు మాత్రం ఉన్ని మీద వద్దు.

మరక పడిన వెంటనే

మొదటి పని అద్దడం. రుద్దితే మరక లోపలికి దిగుతుంది, పక్కకి పాకుతుంది, నూగు చిక్కుపడి ఆ చోటు ఎప్పటికీ మసకగా ఉండిపోతుంది. తెల్లటి నూలు గుడ్డ, అంటే పాత పంచె ముక్క లాంటిది, మడిచి మరక మీద పెట్టి అరచేత్తో ఒత్తండి. గుడ్డ తడి పీల్చడం ఆగేదాకా కొత్త మడత మారుస్తూ ఒత్తుతూనే ఉండండి. రంగు టవల్ వాడితే దాని రంగు దీనికి అంటుకునే ప్రమాదం ఉంది.

టీ, కాఫీ, పాలకి అద్దిన తర్వాత చల్లటి నీళ్ళు కొద్దిగా చిలకరించి మళ్ళీ అద్దడమే, అంచుల నుంచి మధ్యకి రావాలి. ఇంకా మిగిలితే గ్లాసు నీళ్ళలో ఒక చుక్క ఉన్ని బట్టల లిక్విడ్ కలిపి అదే పని చేసి, చివర్న మామూలు నీళ్ళతో సబ్బు పోయేదాకా అద్దాలి. సబ్బు మిగిలితే ఆ చోటే మళ్ళీ దుమ్ము పట్టుకుంటుంది.

నూనె, నెయ్యి, ఊరగాయ ఊట పడితే నీళ్ళు పోయకండి. పైన ఉన్నది చెంచాతో తీసేసి, టాల్కమ్ పౌడర్ గానీ కార్న్‌ఫ్లోర్ గానీ దళసరిగా చల్లి ఒక రాత్రి వదిలేయండి, పొద్దున వాక్యూమ్‌తో లాగేయండి. ఒకసారికి పోకపోతే ఇంకోసారి.

పసుపు మన ఇళ్ళలో తప్పని మరక. దీనిమీద సబ్బు పెట్టగానే ఎర్రగా మారి అందర్నీ భయపెడుతుంది, ఎందుకంటే పసుపులోని రంగు క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. అది కొత్త మరకేమీ కాదు, క్షారం పోయేదాకా నీళ్ళతో అద్దితే మళ్ళీ పసుపులోకి వస్తుంది. పసుపు రంగుకి అసలు శత్రువు ఎండ. నూలు జంపఖానా అయితే మరక ఉన్న చోట తడిపి, ఆ భాగానికి మాత్రమే నేరుగా ఎండ తగిలేలా పెట్టండి, చాలా వరకు వెలిసిపోతుంది. మిగతా భాగం మీద గుడ్డ కప్పండి, లేకపోతే పసుపుతో పాటు మీ జంపఖానా రంగులూ వెలుస్తాయి.

పసిపిల్లలు పాస్ పోసినప్పుడు ఆలస్యం చేయకూడదు. అప్పుడే పడినది ఆమ్ల గుణంతో ఉంటుంది, నిలవ ఉన్నకొద్దీ సూక్ష్మజీవుల వల్ల అమ్మోనియా పుట్టి క్షారంగా మారి రంగుల్నే మార్చేస్తుంది. వెంటనే అద్ది, చల్లటి నీళ్ళతో అద్ది, తర్వాత ఒక వంతు తెల్ల వెనిగర్‌కి నాలుగు వంతుల నీళ్ళు కలిపి ఆ నీళ్ళతో అద్ది, మళ్ళీ మామూలు నీళ్ళతో ముగించండి. కింద ఫ్యాన్ గాలి తగిలేలా ఎత్తి పెట్టాలి, నేల మీద అలాగే వదిలేస్తే వాసన అడుగున నిలిచిపోతుంది. దీపం దగ్గర మైనం పడితే ఐసు ముక్క సంచిలో వేసి దానిమీద పెట్టి, గట్టిపడ్డాక చెంచా వెనక భాగంతో విరగ్గొట్టి తీసేయండి.

బేకింగ్ సోడా, వెనిగర్ కలిపి పోయమని వీడియోల్లో తెగ చూపిస్తుంటారు. బుస్సుమని పొంగడం చూడ్డానికి బావుంటుంది గానీ రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, మిగిలేది ఉప్పు నీళ్ళే. పొడి సోడా చల్లితే అది నూగు అడుగున ఉండిపోతుంది, పైగా క్షారం కాబట్టి ఉన్నికి మంచిది కాదు. నేనైతే తివాచీ దరిదాపులకి రానివ్వను.

రంగు దిగుతుందో లేదో పరీక్ష

ఉతకాలనుకున్నా, మరకకి ఏదైనా మందు పెట్టాలనుకున్నా ఈ పరీక్ష మానకండి. మీరు వాడబోయే ద్రావణంలోనే తెల్ల గుడ్డ తడిపి, ఒక మూల ఒక్కో రంగు మీద రెండు నిమిషాలు గట్టిగా ఒత్తి పట్టండి. ఎరుపు, నలుపు, ముదురు నీలం తప్పకుండా చూడాలి, రంగు దిగేది ఎక్కువగా ఇవే. అచ్చు వేసిన దుర్రీ అయితే అచ్చు పడిన చోటా, పడని చోటా రెండూ చూడండి. గుడ్డకి కొంచెమైనా రంగు అంటితే ఇంట్లో ఉతకడం అక్కడితో ఆపేయండి. తెల్ల భాగంలోకి దిగిన ఎరుపుని వెనక్కి లాగడం ఇంట్లో అయ్యే పని కాదు.

నూలు జంపఖానా ఉతకడం

రంగు నిలిచింది, నేత గట్టిగా ఉంది, బాగా దులిపేశారు. ఇక రోజు ఎంచుకోండి. వాన సూచన లేని, గాలి ఆడే, తేమ తక్కువున్న రోజు కావాలి. వరంగల్, కరీంనగర్ వైపు వాళ్ళకి సంక్రాంతి తర్వాత నుంచి ఉగాది దాకా మంచి కాలం. విశాఖ, కాకినాడ వైపు తీరంలో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి బాగా ఎండ కాసే వేసవి రోజే నయం. జూలై నుంచి అక్టోబరు దాకా ఎంత మురికిగా ఉన్నా ఓపిక పట్టండి. ఉదయం ఎనిమిది లోపు మొదలైపోవాలి.

డాబా మీద గచ్చుని ముందు కడిగి, జంపఖానా పరిచి, చల్లటి నీళ్ళు మగ్గులతో సమానంగా పోయండి. బకెట్ నీళ్ళకి రెండు చెంచాల ఉన్ని బట్టల లిక్విడ్ చాలు, గోద్రెజ్ ఈజీ లాంటిది ఏదైనా. బట్టల పొడి వద్దు, అందులో క్షారం ఎక్కువ. బ్లీచింగ్, వేడి నీళ్ళు అసలే వద్దు. కుంకుడుకాయ రసం మెత్తగా పనిచేస్తుంది, పాతకాలం నుంచి వాడుతున్నదే, కానీ లేతరంగు నూలు మీద గోధుమ ఛాయ వదులుతుంది, అందుకని ముదురు రంగువాటికే. మెత్తటి బట్టల బ్రష్‌తో పేక నడిచే దిశలోనే, అంటే అడ్డంగా, మెల్లగా రుద్దండి. ఒక వైపు అయ్యాక తిప్పి రెండో వైపు. నానబెట్టి వేరే పనికి పోవద్దు, మొదటి నీళ్ళ నుంచి జాడించడం దాకా అరగంటలో అయిపోవాలి.

జాడించడం దగ్గర చాలామంది త్వరపడతారు. నీళ్ళు పోసి, గచ్చు తుడిచే వైపర్‌తో ఒక చివర నుంచి ఇంకో చివరికి నెట్టండి. వైపర్ ముందు మొదట్లో బురద రంగు నురగ పారుతుంది, తర్వాత పలచటి పాల రంగు, ఆ తర్వాత తేట నీళ్ళు. తేట నీళ్ళు వచ్చాక కూడా తిప్పి ఇంకోసారి చేయండి. చివరిసారి నీళ్ళు పోయకుండా వైపర్ మాత్రమే గట్టిగా లాగండి, ఆరబెట్టే పని సగం ఇక్కడే అయిపోతుంది.

పిండకండి. మెలిపెడితే పడుగు జరిగి మళ్ళీ చదునుగా పడదు. పాత దుప్పటి మీద పరిచి, రెండూ కలిపి చుట్టి, ఆ చుట్ట మీద కాళ్ళతో తొక్కండి, దుప్పటి నీళ్ళు తాగేస్తుంది. ఇప్పుడు ఇద్దరు కలిసి మూలలు సరిచేసి, తడి మీదే చేత్తో లాగి అంచులు తిన్నగా చేయండి. ఆరాక లాగితే రాదు.

ఆరబెట్టడం

ఇక్కడ తొందర పనికిరాదు. అన్నిటికన్నా మంచిది నులక మంచం. కింద నుంచి, పై నుంచి గాలి ఆడుతుంది, బరువు సమానంగా పడుతుంది. మంచం లేకపోతే రెండు దండేల మీద వెడల్పుగా వేయండి, ఒక్క దండెం మీద వేలాడదీస్తే తడి బరువుకి మధ్యలో సాగిపోతుంది. పిట్టగోడ మీద వేస్తే కింద భాగానికి గాలి తగలదు, గంటకోసారి జరపాలి. అమెరికాలో ఉండి ఇక్కడి నుంచి జంపఖానాలు పట్టుకెళ్ళినవాళ్ళు డెక్ రైలింగ్ మీద వేయొచ్చు, చలికాలం అయితే అసలు ఉతకడమే మానేయడం మంచిది, బేస్‌మెంట్‌లో ఆరబెడితే ముక్క వాసన ఖాయం.

రంగు వైపు పైకి ఉన్నప్పుడు నీడలో, వెనక వైపు పైకి ఉన్నప్పుడు ఎండలో ఉంచండి. రెండు గంటలకోసారి తిప్పండి. పైకి ఆరినట్టే ఉంటుంది, నమ్మొద్దు. ఒక మూల మడిచి ఆ మడత లోపలి వైపుని చెంపకి ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టు. సాయంత్రానికి అలా తగిలితే ఇంట్లోకి తెచ్చి కుర్చీల వీపుల మీద వేసి, రాత్రంతా ఫ్యాన్ పెట్టండి. నేల మీద పరవకండి.

ఉన్ని తివాచీకి

ఇంట్లో పూర్తిగా ముంచి ఉతకొద్దు. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమ పీల్చుకుని కూడా చేతికి తడి తెలియనివ్వదు, అడుగున ఉన్న నూలు పడుగు మాత్రం కుళ్ళడం మొదలవుతుంది. బదులుగా చల్లటి నీళ్ళలో కొద్దిగా లిక్విడ్ వేసి బాగా గిలకొట్టి, నీళ్ళు వదిలేసి నురగ మాత్రమే స్పాంజితో తీసుకుని, నూగు వాలిన వైపే తుడుస్తూ రండి. వెంటనే తడి పిండేసిన గుడ్డతో ఆ నురగ తుడిచేయండి. అడుగు దాకా తడి దిగకూడదు. ఎంజైములు ఉన్న డిటర్జెంట్ ఉన్ని, పట్టు రెంటికీ విషమే. రక్తం, గుడ్డు మరకల ప్రోటీన్‌ని కరిగించడానికి అందులో వేసేది ఉన్ని ప్రోటీన్‌ని కూడా వదలదు.

దాచడం, పురుగు

ఉన్నికి పట్టే పురుగు చీకటి, కదలిక లేని చోటు వెతుక్కుంటుంది: సోఫా కింద, బీరువా వెనక, మడిచి అటక మీద పెట్టిన చోట. ఎగిరే చిన్న బంగారు రంగు పురుగు తినదు, అది పెట్టిన గుడ్లలోంచి వచ్చే లార్వా తింటుంది. తెల్లటి సన్నటి గూళ్ళు, ఇసుకలాంటి రెట్ట, అక్కడక్కడ నూగు రాలిన చారలు కనిపిస్తే పట్టినట్టే. అందుకే నెలకోసారి సోఫా జరిపి కింద వాక్యూమ్ పెట్టండి, ఆరు నెలలకోసారి తివాచీని అటుదిటు తిప్పి వేయండి, అప్పుడు అరుగుదల, కిటికీ ఎండ కూడా ఒక్క చోటే పడవు. చిన్న తివాచీకి పురుగు పడితే పాలిథీన్ సంచిలో గాలి లేకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచితే చస్తుంది. తీశాక సంచి వెంటనే విప్పకండి, గది వేడికి వచ్చాకే.

కలరా ఉండలు చాలా ఇళ్ళలో అలవాటు. పసిపిల్లలున్న ఇంట్లో నేను వద్దంటాను. వాటిలోని నాఫ్తలీన్ జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం) ఉన్న పిల్లల్లో ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తుంది, ఆ లోపం ఉందని చాలామందికి తెలియను కూడా తెలియదు. ఎండు వేపాకు పెట్టుకోండి, తప్పులేదు, కానీ దాన్ని నమ్ముకుని నెల నెలా దులపడం మానేయొద్దు.

దాచేముందు శుభ్రం చేసి పూర్తిగా ఆరబెట్టాలి. మడవకుండా పీవీసీ పైపు మీద చుట్టి, పాత నూలు చీరలో కట్టండి. ప్లాస్టిక్ కవర్లో తేమ చిక్కుకుని బూజు పడుతుంది. నిలబెట్టకుండా పడుకోబెట్టి, నేలకి తగలకుండా ఎత్తు మీద పెట్టండి. వానాకాలం అయిపోగానే ఒకసారి విప్పి గాలికి వేయండి.

పోగు ఒకటి పైకి లేచి కనిపిస్తే లాగకండి, మొద్దు సూదితో వెనక్కి దించేయండి. అంచు చీలడం మొదలైతే అదే రంగు గట్టి నూలు దారంతో అప్పటికప్పుడు అంచు చుట్టూ ఎత్తికుట్టు వేయండి, బెత్తెడు చీలిక ఆలస్యం చేస్తే మూరెడవుతుంది.

బయట ఇవ్వాల్సి వస్తే

రంగు దిగేవి, పట్టువి, విస్కోస్‌వి, అడుగు దాకా తడిసినవి, బూజు పట్టినవి బయట తెలిసినవాళ్ళకే ఇవ్వాలి. ఇచ్చేముందు మూడు అడగండి. ముందు దుమ్ము తీస్తారా, ఎలా? రంగు పరీక్ష నా ముందు చేస్తారా? ఉతికాక ఎక్కడ, ఎన్ని రోజులు ఆరబెడతారు? డ్రై క్లీన్ చేసేస్తాం అని ఒక్క మాటలో తేల్చేస్తే ఇవ్వకండి, ఆ ద్రావకం జిడ్డు తీస్తుంది గానీ అడుగున ఉన్న ఇసుకని కదిలించదు. ఇచ్చేరోజు నాలుగు మూలలూ, వెనక వైపూ ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి, పొడవు వెడల్పులు కొలిచి రసీదు మీద రాయించుకోండి. వెనక్కి తెచ్చుకున్నప్పుడు డబ్బులిచ్చే ముందే మూల మడిచి చెంపకి ఆనించి చూడండి. చల్లగా ఉంటే ఇంకో రెండు రోజులు వాళ్ళ దగ్గరే ఆరనివ్వండి.